ఆత్మగౌరవానికి తూకపు రాయి

ఆ ఏడాదిని మా ప్రభుత్వం ఆత్మగౌరవ సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ముందుది కొబ్బరి పీచు సంవత్సరం. ఆ ఉత్సాహంలో కొన్న పీచు పట్టలు మా ఆఫీసు గుమ్మంలో ఇంకా ఉన్నాయి. కాళ్లు తుడుచుకుంటే కాళ్లకే పీచు అంటుకుంటుంది కాబట్టి అందరం వాటిని దాటుకుని లోపలికి వెళ్లడం నేర్చుకున్నాం.

ఆత్మగౌరవం విషయంలో వచ్చిన మొదటి చిక్కు, అది ప్రజల దగ్గర ఎంత ఉందో ప్రభుత్వం దగ్గర లెక్క లేకపోవడం. లెక్క లేనిదాన్ని పెంచలేరు. పెంచినా పెరిగిందని చూపించలేరు. కాబట్టి ముందు కొలవాలన్నారు. ఎవరు కొలవాలన్న దాని మీద రాజధానిలో మూడు సమావేశాలు జరిగాయట. ఇది జబ్బు కాదు గనక మాకు సంబంధం లేదని వైద్యం వాళ్లు రాశారు. పాఠాల్లో లేదని చదువుల వాళ్లు రాశారు. ఆత్మ వరకైతే చూస్తాం గానీ గౌరవం మా పరిధిలోకి రాదని గుళ్ల వ్యవహారాలు చూసేవాళ్లు రాశారు. చివరికి ఎవరో మా బోర్డు చదివారు. మాది తూనికలు, కొలతల శాఖ.

నేను కొత్తగెడ్డ జిల్లా కార్యాలయంలో ఇన్‌స్పెక్టర్ని. పేరు చింతాడ అప్పలనరసయ్య. పదిహేడేళ్లుగా కిరాణా కొట్ల త్రాసులు, పెట్రోలు బంకుల గొట్టాలు, బట్టల కొట్ల మీటరు బద్దలు తనిఖీ చేస్తున్నాను. సరిగ్గా ఉన్నవాటికి ఏడాదికోసారి ముద్ర వేస్తాం. ముద్ర లేనివాటిని పట్టుకుపోతాం. ఇంతకన్నా లోతైన విషయాల్లోకి మా శాఖ ఏనాడూ దిగలేదు.

మా పై అధికారి అసిస్టెంట్ కంట్రోలర్ గుడిపూడి విశ్వంభరరావుగారు. ఆయన గదిలో ఇనప బీరువా, బీరువాలో టేకు పెట్టె, పెట్టెలో ఎర్ర మఖమల్ గుంటల్లో జిల్లా ప్రమాణ రాళ్లు ఉంటాయి. జిల్లాలోని ప్రతి కిలో రాయీ ఆ కిలో రాయి ముందు నిలబడి తాను కిలోనేనని రుజువు చేసుకోవాలి. వేలు తగిలితే చెమట అంటి బరువు మారుతుందని విశ్వంభరరావుగారు వాటిని మెత్తటి తోలుగుడ్డతో పట్టుకునేవారు. తన ముగ్గురు పిల్లల్లో ఒకర్ని కూడా అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదని ఆయన భార్యే ఒకసారి మాతో అన్నారు.

సర్క్యులర్ వచ్చిన రోజు ఆయన నన్ను పిలిచి, దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశారు.

"పై సూచికలోని ఉత్తర్వుల మేరకు ఆత్మగౌరవము అనునది తూచదగిన సరుకుల జాబితాలో చేర్చబడినది. జిల్లాలోని వయోజనులందరికీ పరీక్ష జరిపి ముద్ర వేయవలెను. ముద్ర లేని ఆత్మగౌరవమును బహిరంగ స్థలములలో వాడరాదు."

"వాడితే ఏం చెయ్యాలి సార్?"

"స్వాధీనము చేసుకొనవలెను," అన్నారాయన. "రసీదు ఇచ్చి."

వారం తిరక్కుండానే రాజధాని నుంచి డాక్టర్ పరాశరం అనే సలహాదారు దిగారు. సన్నటి మనిషి, సన్నటి లాప్‌టాప్. ఆత్మగౌరవానికి ఐదు ముఖాలుంటాయని ఆయన మాకు పాఠం చెప్పారు. మనిషి తన ఒంటి గురించి, పని గురించి, ఇంటి గురించి, నలుగురిలో తన స్థానం గురించి, తన మంచిచెడ్డల గురించి ఏమనుకుంటున్నాడో విడివిడిగా అడగాలి. ఒక్కో ముఖానికి ఇరవై మార్కులు, మొత్తం వంద. నిజం చెప్పాలంటే నాకు ఆ పాఠం నచ్చింది. ఒకడికి పని దగ్గర బోలెడు ధైర్యం ఉండి అద్దం ముందు లేకపోవచ్చుననీ, ఇంట్లో పులి బజార్లో పిల్లి కావచ్చుననీ ఆయన చెబుతుంటే మనసులో నలుగురైదుగురి పేర్లు రాసుకున్నాను. కొలవకుండా వదిలేసి ఉంటే అది మంచి విద్యే.

మొదటి పరీక్ష ఆఫీసులోనే జరిగింది. ఉదయం పదకొండు గంటలకు విశ్వంభరరావుగారికి తొంభై రెండు వచ్చింది. పదకొండుంబావుకి రాజధాని నుంచి కంట్రోలరుగారు ఫోన్ చేశారు. విశ్వంభరరావుగారు లేచి నిలబడి, ఫోన్‌కి నమస్కారం పెట్టి, ఏడు నిమిషాలు "చిత్తం" అన్నారు. ఆ వెంటనే డాక్టర్ పరాశరం కుతూహలం కొద్దీ మళ్లీ అవే ప్రశ్నలు అడిగారు. ముప్పై ఒకటి వచ్చింది. నాది ఆఫీసులో నలభై నాలుగు. సంతలో వ్యాపారుల ముందు కొలిస్తే ఎనభై ఎనిమిది. ఇంట్లో కొలవడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు, అనవసరం అంది.

"ఇది సహజమేనండి," అన్నారు డాక్టర్ పరాశరం. "ఆత్మగౌరవం పరిస్థితిని బట్టి మారుతుంది." అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అనే సామెతను ఆయన రంగుల్లో గీత గీసి గోడ మీద చూపించారు. గీత చాలా అందంగా ఉంది.

విశ్వంభరరావుగారు మాత్రం మనసు కష్టపెట్టుకున్నారు. "ఒకే వస్తువును పావుగంట వ్యవధిలో రెండు విధములుగా చూపు త్రాసును మా శాఖలో త్రాసు అనరు డాక్టరుగారూ. నేరము అంటారు. కిలో అంటే ఏమిటో చెప్పుటకు కిలో రాయి ఉన్నది. ఆత్మగౌరవము అంటే ఏమిటో చెప్పుటకు రాయి ఏది? ముందు ప్రమాణము కావలెను. వేడికి, చలికి, తేమకు, చేతి స్పర్శకు మారని ఒక మనిషి కావలెను."

ఆ మనిషి కోసం పన్నెండు రోజులు వెతికాం. హైస్కూలు హెడ్మాస్టరుగారు నిలకడగా డెబ్బైలో ఉండేవారు గానీ, తనిఖీ జీపు శబ్దం వినగానే నలభైకి దిగిపోయారు. అది నిజానికి గ్యాస్ సిలిండర్ల ఆటో. ఊళ్లో పేరున్న వకీలుగారు జడ్జిగారి బంట్రోతు ఎదురైతే తగ్గారు. మౌనస్వామిని కూడా చూశాం. ఆయన ఏ ప్రశ్నకూ జవాబివ్వలేదు గానీ, మార్కులు ఎన్నొచ్చాయని పలక మీద రాసి అడిగారు.

అప్పుడే మైలపల్లి దానమ్మ మా ఆఫీసు గుమ్మంలో పీచు పట్ట మీద కాళ్లు తుడుచుకుని, అంటుకున్న పీచు దులుపుకుని, లోపలికొచ్చింది.

దానమ్మ సంత బజార్లో గోదాం మెట్ల పక్కన ముప్పై ఏళ్లుగా ఎండు చేపలు అమ్ముతుంది. యాభై దాటిన మనిషి. వాళ్లమ్మ వాడిన ఇనప కాడ త్రాసునే వాడేది. ఆమె నెత్తళ్లకి, అంటే వేలెడంత సన్న చేపలకి, ఎంత పేరుందో, కొసరు వెయ్యదన్న సంగతికీ అంత పేరుంది. మా వైపు సంతలో ఎవరైనా తూకం అయ్యాక చెయ్యి చాపుతారు. అమ్మేవాళ్లు ఇంకో గుప్పెడు పడేస్తారు. అసలు కన్నా కొసరు ముద్దు అని ఊరికే అనలేదు. దానమ్మ మాత్రం ముల్లు మధ్యకి వచ్చేదాకా తూచి, ఒక్క నెత్తల్లి తక్కువైతే వేసి, ఎక్కువైతే తీసి, పొట్లం కట్టేసేది. ఒకసారి కలెక్టరు బంగళా నుంచి వచ్చిన మనిషి కొసరడిగితే, "తూకం తూకమే. కొసరు కావాలంటే పక్క కొట్టు కాడికెల్లు," అంది. పక్కనున్న రిక్షా అతనితోనూ అదే గొంతుతో అదే మాట అంది.

ఆమె త్రాసుని పట్టుకున్నది నేనే. ఫిబ్రవరి పన్నెండున తనిఖీకి వెళ్తే ముద్ర గడువు దాటి పదకొండు రోజులైంది. గడువులోపలే ఆమె రెండుసార్లు మా ఆఫీసుకి వచ్చిన మాట నిజమే. అప్పటికి కొత్త ముద్ర అచ్చు రాజధాని నుంచి రాలేదని తిప్పి పంపాం. అచ్చు రాకపోవడం మా తప్పు కాదు, గడువు దాటడం ఆగదు. రాళ్లతో సహా త్రాసు సంచిలో వేస్తుంటే ఆమె అరవలేదు, ఏడవలేదు. నేను రాసిన రసీదు తీసుకుని చూసి, వెనక్కిచ్చింది.

"ఇయ్యాల పన్నెండు. పదమూడేసినావు. దిద్దు."

దిద్దాను. బజారంతా నన్ను చూసి లేచి నిలబడ్డ చోట ఆమె కూర్చునే ఆ మాట చెప్పింది.

ఇప్పుడు ఆ రసీదు పట్టుకునే వచ్చింది. "అచ్చొచ్చిందంట కదా. నా తరాజు ముద్రేసి ఇచ్చీ. పది దినాలై బేరం నేదు."

"ఎవరి త్రాసైనా అడిగి వాడుకోలేకపోయావా?"

"పరాయి తరాజు అబద్ధమాడితే నా పేరు పోద్ది," అంది.

ఆ మాట విని డాక్టర్ పరాశరం లాప్‌టాప్ తెరిచారు. ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. అద్దంలో చూసుకుంటే మీకెలా ఉంటుంది? "నానున్నట్టే ఉంటాది." నలుగురిలో మీకు గౌరవం ఉందనుకుంటున్నారా? "నలుగురికీ నెత్తళ్లు కావాలి. నా కాడికొత్తారు." తప్పు చేసినప్పుడు మీకేమనిపిస్తుంది? "దిద్దుకుంటాను." మొత్తం డెబ్బై ఒకటి.

విశ్వంభరరావుగారు పద్ధతి ప్రకారం రెండో పరీక్ష పెట్టారు. ముందు పావుగంట ఆమెను గట్టిగా చీవాట్లేశారు. ముద్ర లేని త్రాసు వాడటం ఎంత ఘోరమో సెక్షన్లతో సహా చెప్పారు. ఆమె చివరిదాకా విని, "రెండు మాట్లొచ్చినాను. అచ్చు నేదన్నారు. అచ్చు మీ కాడ నేకపోతే నేరం నాదెలగవుతాది?" అంది. మళ్లీ కొలిచాం. డెబ్బై ఒకటి. మూడోసారి ఆమెను పొగిడాం. జిల్లాకే వన్నె తెచ్చిన మహిళ అన్నాం, ఫొటో తీశాం. "అలగా. నా తరాజు ఇచ్చీండి," అంది. డెబ్బై ఒకటి.

విశ్వంభరరావుగారి కళ్లు చెమర్చాయి. "ఇరువది ఆరు సంవత్సరముల సర్వీసులో," అన్నారు, "ఇంత నికార్సైన పరికరమును నేను చూడలేదు."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. శ్రీమతి మైలపల్లి దానమ్మ, ఎండు చేపల వర్తకురాలు, జిల్లా ఆత్మగౌరవ ప్రమాణముగా ప్రకటించబడినది. ప్రమాణ రాళ్లకు వర్తించు నిబంధనలన్నియు ఆమెకు వర్తించును. ప్రమాణమును పనివేళలలో కార్యాలయములోనే ఉంచవలెను. ప్రమాణము వ్యాపారములో పాల్గొనరాదు. ప్రమాణమును ఎవరును పొగడరాదు, తిట్టరాదు. ఈ చివరి వాక్యాన్ని బోర్డు రాయించి ఆమె తల మీద తగిలించారు. ఎర్ర మఖమల్ వేసిన కుర్చీ ఒకటి తెప్పించి, ఏసీ ఉన్న ఒకే ఒక్క గది విశ్వంభరరావుగారిది కాబట్టి, అందులో ఓ మూల వేయించారు.

దానమ్మ ఒకటే అడిగింది. "కూకోమంటే కూకుంటాను. తరాజు ఎప్పుడిస్తారు?"

దానికి ఆయన చాలా ఓపిగ్గా జవాబు చెప్పారు. త్రాసు ఇస్తే వ్యాపారం చేసినట్టవుతుంది, ప్రమాణం వ్యాపారం చెయ్యకూడదు. అదీగాక త్రాసు మీద కేసుంది. కేసు తేలాలంటే ముద్దాయి విచారణకు రావాలి. ప్రమాణాన్ని విచారణకు పిలవడానికి నిబంధనలు ఒప్పుకోవు. కొలతల పని పూర్తి కాగానే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

"ఎన్నాళ్లు?"

"త్వరితగతిన," అన్నారాయన.

కొలతలు మొదలయ్యాయి. జనం వరసలో వచ్చి దానమ్మ ఎదురు కుర్చీలో కూర్చునేవారు. అయిదు ముఖాలూ అడిగి, వచ్చిన మార్కుల్ని డెబ్బై ఒకటితో పోల్చి, సరితూగినవాళ్ల పత్రం మీద ముద్ర వేసేవాళ్లం. ముద్ర లేనిదే రేషన్ కార్డులో పేరు చేర్చరు, కల్యాణ మంటపం అద్దెకివ్వరు అన్న ఉత్తర్వులు కూడా వచ్చాయి కాబట్టి జనానికి లోటు లేదు. మా శాఖలో తక్కువ తూగిన రాయికి అడుగున సీసం పోస్తాం, ఎక్కువ తూగినదాన్ని ఆకురాయితో అరగదీస్తాం. ఇక్కడా అంతే. తక్కువ తూగినవాళ్లని వెనక గదిలో కూర్చోబెట్టి "నేను చాలా గొప్పవాణ్ణి" అని నూటెనిమిది సార్లు అనిపించేవాళ్లం. ఎక్కువ తూగినవాళ్లని అరగదీయడానికి వేరే ఏర్పాటేమీ అవసరం లేకపోయింది. మా ఆఫీసు వరసలో రెండు గంటలు నిలబెడితే సరిపోయేది.

ఒక ఫొటో స్టూడియో యజమాని ఈ రెండిటి మధ్యా తొమ్మిది రోజులు తిరిగాడు. వరసలో నిలబడితే తక్కువైపోయేవాడు, వెనక గదిలోకి వెళ్లొస్తే ఎక్కువైపోయేవాడు. పదో రోజున తనకి ఆత్మగౌరవం అక్కర్లేదని రాసిస్తానన్నాడు. అలా వదులుకోవడానికి కూడా ముద్ర ఉండాలని విశ్వంభరరావుగారు వివరించారు.

ఈ సందడిలో దానమ్మని ఎవరం పెద్దగా చూడలేదు. బోర్డు ప్రకారం ఆమెను పలకరించినా అది పొగడ్తలోకి వస్తుందో తిట్టులోకి వస్తుందో తెలియదు గనక సిబ్బంది మాట్లాడటం మానేశారు. రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చి కుర్చీలో కూర్చునేది. అయిదున్నరకి లేచేది. మంచినీళ్లకి వెళ్లాలన్నా రిజిస్టర్లో వేలిముద్ర వెయ్యాలి. మొదటి వారం రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి, "తరాజు సంగతేటి?" అని అడిగేది. ఫైలు పైకి వెళ్లిందనేవాణ్ణి. రెండో వారం ఆమె చోట్లో స్టీలు గిన్నెల వాడు పట్టా పరుచుకున్నాడని కబురొచ్చింది. ఆ రోజు నా బల్ల దగ్గర నిలబడి, "బాబూ, నా సోటు పోనాది," అంది. అంతవరకూ ఆమె నన్ను బాబూ అని పిలవలేదు.

నాకు బాగోలేదు. ఆ మధ్యాహ్నం ఒక నోటు రాశాను. త్రాసుకి ముద్ర వేసి విడుదల చేయవచ్చునని, అచ్చు ఆలస్యం మనదేనని. విశ్వంభరరావుగారు దాని మీద ఎర్ర సిరాతో "చర్చించుడు" అని రాసి పంపారు. నేను చర్చించలేదు. అప్పటికి నా ఆత్మగౌరవం నలభై నాలుగే కదా.

మూడో వారం నుంచి విశ్వంభరరావుగారు గదిలోకి వస్తుంటే దానమ్మ కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టింది. ఆయన ముందు కంగారుపడ్డారు, ప్రమాణం కదలకూడదని. తర్వాత అలవాటుపడ్డారు. నాలుగో వారం ఒక ఉదయం నేను సంతకం పెడుతుంటే ఎదురుగా నీడ పడింది. తలెత్తి చూస్తే దానమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్లు త్రాసు పట్టిన చేతులు అలా జోడించి ఉంటే చూడటం నావల్ల కాలేదు. రిజిస్టర్ మూసి టీకి వెళ్లిపోయాను.

మార్చి ఇరవై ఐదున ప్రమాణాన్ని తిరిగి సరిచూడాలి. అది నిబంధన. డాక్టర్ పరాశరం రాజధాని నుంచి వచ్చి, లాప్‌టాప్ తెరిచి, ఆ ప్రశ్నలే అడిగారు.

"అద్దంలో చూసుకుంటే మీకెలా ఉంటుంది?"

దానమ్మ లేచి నిలబడింది. "తమరెలగుందంటే అలగే బాబూ."

"కూర్చోండి. నలుగురిలో మీకు గౌరవం ఉందనుకుంటున్నారా?"

"తమ దయ."

"తప్పు చేసినప్పుడు మీకేమనిపిస్తుంది?"

"ఏ తప్పు బాబూ?" అని ఆమె నా వైపు, విశ్వంభరరావుగారి వైపు చూసింది. "నానేటి సేసినాను? సెప్పండి, దండమెట్టీసి పోతాను."

ముప్పై ఎనిమిది వచ్చింది. డాక్టర్ పరాశరం మళ్లీ కూడారు. ముప్పై ఎనిమిదే. ఆయన ముఖం పాలిపోయింది. ఆమెను బయట కూర్చోమని, తలుపేసి, మెల్లగా అన్నారు. "ప్రమాణం దిగిపోయిందండి. నెల రోజుల్లో దాదాపు సగానికి. ఇది మన ఆఫీసులోనే జరిగింది. రిపోర్టులో ఏం రాయాలి?"

విశ్వంభరరావుగారు లేచారు. బీరువా తెరిచి, టేకు పెట్టె తీసి, తోలుగుడ్డతో కిలో రాయిని ఎత్తి వెలుతురులో చూశారు. తర్వాత చాలా ప్రశాంతంగా అన్నారు.

"డాక్టరుగారూ, ఈ రాయి బరువు ఎంత?"

"కిలో."

"ఎందువలన కిలో?"

"అది ప్రమాణం కాబట్టి."

"రేపు ఇది అరిగినచో?"

డాక్టర్ పరాశరం లాప్‌టాప్ వైపు చూశారు.

"అరగదు," అన్నారు విశ్వంభరరావుగారు. "ప్రమాణము తప్పు కానేరదు. అది మా శాఖకు పునాది. ప్రమాణము తగ్గినట్లు కనిపించినచో, దానితో పోల్చబడిన సమస్త వస్తువులును పెరిగినవి అని అర్థము. లెక్క కట్టండి."

కట్టాం. జిల్లా ప్రజల సగటు యాభై ఎనిమిది. నెల కిందట దానమ్మతో పోలిస్తే అది ఆమెలో నూటికి ఎనభై రెండు పాళ్లు. ఇప్పుడు పోలిస్తే ఒకటిన్నర రెట్లు. ఒక్క నెలలో జిల్లా ఆత్మగౌరవం ఎనభై ఏడు శాతం పెరిగింది. రాష్ట్రంలో మరే జిల్లా నాలుగు శాతం దాటలేదు. వాళ్లు ప్రమాణాలుగా ఎవరెవరినో పెట్టుకున్నారు, వాళ్లెవరూ ఇంత పడిపోలేదు.

డాక్టర్ పరాశరం ఒక నిమిషం పాటు ఇది శాస్త్రం కాదన్నారు. నివేదిక మీద తన పేరు కూడా ఉంటుందని తెలిశాక, మరోసారి పరిశీలించి, ఇదొక కొత్త దృక్కోణమని అంగీకరించారు. మొన్నటిదాకా నలభై నాలుగుతో తక్కువ తూకం కింద ఉన్న నేను, ఏ పనీ చెయ్యకుండానే, దానమ్మ కన్నా ఎక్కువ తూగుతున్నాను. జిల్లాలో చాలామంది పరిస్థితి ఇదే.

మార్చి ముప్పైన రాజధానిలో సన్మానం. ఆత్మగౌరవ వృద్ధిలో ప్రథమ జిల్లాగా కొత్తగెడ్డకి జ్ఞాపిక ఇచ్చారు. ప్రమాణాన్ని జిల్లా సరిహద్దు దాటించకూడదు కాబట్టి దానమ్మని తీసుకెళ్లలేదు. వేదిక మీద శాలువా కప్పించుకోవడానికి విశ్వంభరరావుగారు నడుము ఎంత వంచారంటే, కప్పేవాళ్లు ఆయన మెడ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. నాకూ ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో నా పేరు అప్పలనరసింహం అని పడింది. దిద్దమని అడగలేదు.

ఏప్రిల్ ఒకటి నుంచి చిరుధాన్యాల సంవత్సరం మొదలైంది. ఆత్మగౌరవం సరుకుల జాబితాలోంచి తొలగించబడింది. మఖమల్ కుర్చీ నమూనా రాగుల సంచికి కేటాయించారు. దానమ్మ మీద కేసుని కార్యాలయం పెద్ద మనసుతో ఎత్తివేసింది. త్రాసుకి నేనే నా చేత్తో ముద్ర వేసి ఇచ్చాను. కొత్త అచ్చు, ముద్ర నిండుగా పడింది. ఆమె దాన్ని చూడలేదు. నేను రాసిన రసీదులో తేదీ కూడా చూడలేదు. వేలిముద్ర వేసి, నాకూ, విశ్వంభరరావుగారి గది తలుపుకీ, బంట్రోతుకీ దండం పెట్టి, గుమ్మంలో పీచు పట్టని అందరిలాగే దాటుకుని వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత ఆదివారం సంతకి వెళ్లాను. గోదాం మెట్ల పక్కన స్టీలు గిన్నెలున్నాయి. దానమ్మ బజారు చివర, కాలువ వార, గోనె పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి గబగబా లేచింది.

"కూర్చో దానమ్మా. అరకిలో నెత్తళ్లియ్యి."

వాళ్లమ్మ త్రాసుతోనే తూచింది. చెయ్యి మునుపటిలాగే ఉంది. ముల్లు మధ్యకొచ్చేదాకా ఒకటి వేసింది, రెండు తీసింది. ముల్లు కదలకుండా నిలబడ్డాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నెత్తళ్లు నా సంచిలో ఒంపింది. తర్వాత గంపలోంచి ఒక గుప్పెడు తీసి, నేనడక్కుండానే, పైన వేసింది.

"ఇదేమిటి దానమ్మా? నువ్వు కొసరు వెయ్యవు కదా."

"ఉంచండి బాబూ. పెద్దోరు."

"నాకొద్దు. తీసెయ్యి." నేనే సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి గంపలో వెయ్యబోయాను. ఆమె ముఖంలో రంగు పోయింది. రెండు చేతులూ గంప మీద అడ్డం పెట్టింది.

"కోపమొచ్చిందా బాబూ? సాలదా?" అని ఇంకో గుప్పెడు తీసింది.

రెండో గుప్పెడు పడకముందే చేతిలోది మళ్లీ సంచిలో వేసి, డబ్బులు గోనె మీద పెట్టి, సంచి మూసుకుని వచ్చేశాను. పక్కనున్న చింతపండు ఆవిడ నవ్వుతూ, "దానమ్మ ఇప్పుడు మారిపోనాది బాబూ, అందరికీ ఏస్తంది," అంది. మెచ్చుకుంటూనే అంది.

నాకు చాలా సిగ్గేసింది. ఇంటికి వెళ్లకుండా ఆఫీసుకి వెళ్లి, విశ్వంభరరావుగారి బీరువా తీసి, ప్రమాణ రాళ్లు పెట్టి ఆ నెత్తళ్లని తూచాను. అయిదువందల ముప్పై మూడు గ్రాములు. మూడుసార్లు తూచినా అంతే వచ్చింది. తక్కువ తూచినవాళ్ల మీద కేసు రాయడానికి మా చట్టంలో సెక్షన్ ఉంది. ఎక్కువ తూచిన మనిషి గురించి ఏం చెయ్యాలో పుస్తకమంతా వెతికాను. ఎక్కడా రాయలేదు.